బాటిల్‌షిప్‌ల యుగం ఎలా ముగిసింది?

భైంసాలో పేల్చిన ఫిరంగి గుండు నిర్మల్‌లో పడగలదా? ఈ రెండు ఊళ్ళ నడుమ దూరం సుమారు 40 కిలోమీటర్లు. అంత దూరం గుండు విసిరే ఫిరంగులు ఒకప్పుడు నిజంగానే ఉండేవి. జపాన్ వారి 'యమాటో' అనే నౌకమీద అలాంటివి తొమ్మిది అమర్చారు. ఒక్కొక్క గుండు బరువు 1,460 కిలోగ్రాములు. అది 42 కిలోమీటర్ల దాకా పోయేది.

యుద్ధంలో పాల్గొనే ఓడలన్నీ యుద్ధనౌకలే. వాటిలో అతి పెద్ద ఫిరంగులు, అతి దళసరి ఉక్కు కవచం గలదానికి బాటిల్‌షిప్ అని పేరు. అంత బలమైన ఓడలు నేడు ఏ దేశపు నౌకాదళంలోనూ ఎందుకు పనిచేయడం లేదో తెలుసుకుందాం.

ఎలా పెరిగాయి?

1905లో సుషిమా జలసంధిలో జపాన్ నౌకాదళం రష్యా నౌకాదళాన్ని చిత్తుగా ఓడించింది. సముద్ర యుద్ధాల్లో గెలుపు పెద్ద ఫిరంగులదేనన్న నమ్మకం దానితో బలపడింది. మరుసటి సంవత్సరమే బ్రిటన్ 'డ్రెడ్‌నాట్' నౌకను సిద్ధం చేసింది. దాని బరువు సుమారు 18,000 టన్నులు. దానిమీద 12 అంగుళాల ఫిరంగులు పది ఉండేవి. ఆవిరి టర్బైన్లతో అది గంటకు 39 కిలోమీటర్ల వేగం అందుకునేది. దాన్ని చూసి మిగిలిన దేశాలూ పోటీకి దిగాయి.

ఈ పోటీలో ఒక చిక్కు ఉంది. ఫిరంగి పెద్దదైతే దాని దెబ్బకు తట్టుకునే కవచం మరింత మందంగా ఉండాలి. కవచం మందమైతే ఓడ బరువు పెరుగుతుంది. తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని తొలగించాలని ఆర్కిమెడిస్ సూత్రం చెబుతుంది కదా! కాబట్టి ఓడ గర్భం పెంచాలి. పెద్ద ఓడను నడపడానికి పెద్ద యంత్రాలు కావాలి. ఇలా ఒకదానివెంట ఒకటి పెరిగి, యమాటో నాటికి పొడవు 263 మీటర్లకు, నిండు బరువు సుమారు 72,000 టన్నులకు చేరాయి.

లోపం ఎక్కడ?

భూమి గుండ్రంగా ఉంది. సముద్ర మట్టానికి 36 మీటర్ల ఎత్తున నిలిచిన నావికుడికి నీటి ఉపరితలం సుమారు 21 కిలోమీటర్ల వరకే కనిపిస్తుంది. ఫిరంగి చేరేంత దూరం కన్ను చేరదు. 3,000 మీటర్ల ఎత్తున ఎగిరే విమానానికైతే 195 కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. పైగా విమానం తన బాంబును, టార్పెడోను ఫిరంగి చేరలేనంత దూరం మోసుకుపోగలదు. టార్పెడో నీటి అడుగున వచ్చి ఓడ పొట్టను చీలుస్తుంది. కవచం ఎంత మందమైనా, లోపలికి నీరు చేరితే ఓడ ఒరిగిపోతుంది.

1941 డిసెంబరు 10న మలయా తీరంలో జపాన్ విమానాలు బ్రిటన్ బాటిల్‌షిప్ 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్'ను, దాని వెంట ఉన్న 'రిపల్స్'ను ముంచివేశాయి. 800 మందికి పైగా నావికులు చనిపోయారు. విమానాల శక్తిని అలా లోకానికి చాటిన జపానే, ఆరు రోజుల తరువాత యమాటోను తన నౌకాదళంలో చేర్చుకుంది!

మన తీరంలో

ఈ మార్పును మన తెలుగువారూ చవిచూశారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. వేసినవి 'ర్యూజో' అనే చిన్న జపాన్ విమానవాహక నౌకనుంచి ఎగిరిన విమానాలు. ప్రాణభయంతో ఎందరో పట్టణం విడిచిపోయారు. ఆ రోజుల్లో హిందూ మహాసముద్రంలో బ్రిటన్‌కు అయిదు బాటిల్‌షిప్‌లు ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఈ దాడిని ఆపలేకపోయింది.

ఆ తరువాత సరిగ్గా మూడేళ్ళ ఒక రోజుకు, 1945 ఏప్రిల్ 7న, అమెరికా విమానాలు యమాటోను చుట్టుముట్టాయి. సుమారు రెండు గంటల్లో అది మునిగిపోయింది. దానితోపాటు దాదాపు 3,000 మంది ప్రాణాలు పోయాయి. అమెరికా కోల్పోయినవి పది విమానాలు, పన్నెండుమంది మనుషులు.

1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' బంగాళాఖాతంలోకి వచ్చింది మన విమానవాహక నౌక 'విక్రాంత్'ను వేటాడటానికే. అది విశాఖ దగ్గరే మునిగిపోయింది. ప్రపంచంలో చివరి బాటిల్‌షిప్‌గా సేవలో ఉన్న అమెరికా 'మిస్సోరి' 1992లో విశ్రాంతి పుచ్చుకుంది. నేడది హవాయి దీవుల్లో ప్రదర్శనశాల. మన విశాఖ సముద్రతీరాన 'కురుసుర' జలాంతర్గామిని కూడా అలాగే ప్రదర్శనకు ఉంచారు. అవకాశం దొరికితే తప్పక చూడండి.

మీరే లెక్క వేయండి: ఎత్తును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే, సముద్రంమీద ఎన్ని కిలోమీటర్ల దాకా కనిపిస్తుందో వస్తుంది. 25 మీటర్ల ఎత్తునుంచి ఎంత దూరం కనిపిస్తుంది? జవాబు 18కి కొంచెం తక్కువ రావాలి. ఎత్తు నాలుగు రెట్లయితే చూపు ఎన్ని రెట్లవుతుందో కూడా కనుక్కోండి.