ఫైలు పారేయొద్దమ్మా

కీమో వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. రొమ్ము కేన్సర్ నయమై ఇళ్లకెళ్లిన ఆడవాళ్లు ఇప్పటికీ ఫోన్లు చేస్తుంటారు. గడ్డ మళ్లీ వస్తుందా అని అడుగుతారే గానీ గుండె ఊసెత్తరు. అందుకే ఈ మాటలు.

1. మీకు ఎక్కించిన మందు పేరు, మోతాదు రాసిపెట్టుకోండి. డాక్సోరుబిసిన్‌ని మేం ఎర్ర మందు అనేవాళ్లం. ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వచ్చి కొత్తవాళ్లు హడలిపోయేవారు. ఆ రంగుతో భయం లేదు. భయమల్లా ఆ మందు గుండె కండరాన్ని దెబ్బతీయగలదనే. ఎక్కినకొద్దీ ముప్పు పెరుగుతుంది కాబట్టి, జన్మ మొత్తానికి చదరపు మీటరుకు 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటనివ్వరు. రొమ్ము కేన్సర్‌కి తరచుగా ఇచ్చే నాలుగు సైకిళ్లకి 240 అవుతుంది. హద్దు లోపలే, నిజమే. కానీ రేపు ఇంకో జబ్బుకి ఇదే మందు కావాల్సొస్తే, కొత్త డాక్టరు ముందు అడిగేది ఆ అంకే.

2. గడ్డ హెర్2 పాజిటివ్ రకమైతే ట్రాస్టుజుమాబ్ సాధారణంగా ఏడాది పాటు ఇస్తారు. ఆ ఏడాదంతా మూడు నెలలకోసారి గుండెకి ఎకో స్కాన్ తీయించాలి. "బాగానే తిరుగుతోందిగా, మళ్లీ ఎకో ఎందుకండీ" అనే భర్తల్ని చాలామందిని చూశాను. ఆయాసం రాకముందే గుండె పంపింగ్ తగ్గొచ్చు, అందుకే. రిపోర్టులో ఈఎఫ్ అని ఉండేది ఆ పంపింగ్ కొలతే. మొదటిసారి కంటే 10 పాయింట్లు పడిపోయి 50 కిందికొస్తే మందు కొన్నాళ్లు ఆపి, గుండెకి మందులిస్తారు. ట్రాస్టుజుమాబ్ వల్ల తగ్గిన పంపింగ్ చాలామందిలో మళ్లీ కోలుకుంటుంది.

3. ఎడమవైపు రేడియేషన్ అయితే, ఊపిరి బిగబట్టించి ఇస్తారేమో అడగండి. నిండా గాలి పీలిస్తే గుండె కిరణాల దారి నుంచి కాస్త పక్కకి జరుగుతుంది. స్వీడన్, డెన్మార్క్ స్త్రీల మీద 2013లో వచ్చిన పరిశోధనలో, గుండె మీద పడే సగటు డోసు ఒక్కో గ్రే (రేడియేషన్ కొలత) పెరిగేకొద్దీ పెద్ద గుండె జబ్బుల ముప్పు 7.4 శాతం చొప్పున పెరిగింది. అయిదేళ్లలోపే మొదలై ఇరవై ఏళ్లకీ పోలేదు. రేడియేషన్ వద్దనుకోమని కాదు సుమా, కేన్సర్ తిరగబెట్టకుండా ఆపేది అదే.

4. ప్రతి నీరసాన్నీ కీమో ఖాతాలో వేయకండి. గండం గడిచింది కదా, ఇంకా ఈ మూలుగుడేమిటి అంటారని ఆడవాళ్లు నోరెత్తరు. మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక దిండు మీద దిండు వేసుకోవడం, సాయంత్రానికి రెండు పాదాలూ ఉబ్బడం గుండె లక్షణాలు కావచ్చు. ఆపరేషనైన వైపు చెయ్యి ఒక్కటే వాచడం వేరు. ఇక రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు, దడ, నిద్ర పట్టకపోవడం. ముట్లు ముందే ఆగిపోయినవాళ్లకి ఇవి మామూలే, అయినా దడ వస్తే ఒకసారి ఈసీజీ తీయించుకోవడం మంచిది.

5. బలానికని నేతి లడ్లు పెట్టి మంచం దిగనివ్వని అత్తగార్లకి నా దండం. బరువు, బీపీ, షుగరు ముగ్గురూ కలిసే వస్తారు. డాక్టరు సరేనంటే వారానికి 150 నిమిషాల నడక. మొదట్లో వీధి చివరిదాకా నడిచినా చాలు.

6. గుండె డాక్టరు దగ్గరికెళ్తే కేన్సర్ ఫైలు తీసుకెళ్లండి. ఆయన అడగకపోయినా టేబుల్ మీద పెట్టండి. పోయిందంటారా, వైద్యం చేయించుకున్న ఆసుపత్రి రికార్డు సెక్షన్‌లో డిశ్చార్జి సమ్మరీ, రేడియేషన్ కాగితం నకళ్లు అడగండి.