పదహారేళ్ళ పాఠకునికి ఏ పుస్తకం ఇవ్వాలి?

విద్యార్థి సంఘం కార్యవర్గం వారు ఈ సంచికకు ఏదైనా వ్రాయమని అడిగినప్పుడు, తరగతిలో చెప్పే పాఠాల్లోంచే ఒక అంశం తీసుకుని వ్యాసంగా మలచి ఇద్దామనుకున్నాను. అడగడానికి వచ్చిన ఇద్దరిలో ఒక అబ్బాయి, పని అయిపోయాక కూడా గుమ్మం దగ్గరే నిలబడి, "సార్, అసలు తెలుగులో ఏం చదవమంటారు? ఎక్కడ మొదలెట్టమంటారు?" అన్నాడు. సమాధానం గబుక్కున రాలేదు. ఎందుకు రాలేదో ముందు చెప్పుకోవాలి.

చాలా ఏళ్ళ కిందట ఇంటర్ రెండో సంవత్సరం కుర్రవాడొకడు ఇదే ప్రశ్న వేస్తే, నేను క్షణం ఆలోచించకుండా బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' అతని చేతిలో పెట్టాను. అది నాకు ప్రాణమైన నవల. అందులో దయానిధి తన తల్లిని గురించి లోకం అనుకునే మాటల్ని బ్రతుకంతా మోస్తాడు. ఆ బరువు ఏపాటిదో తెలియాలంటే చదివేవాడు కూడా కాస్త ఏదో మోసి ఉండాలి. కుర్రవాడు వారం తిరక్కుండా పుస్తకం తెచ్చి ఇచ్చేశాడు. "బాగుందండీ" అన్నాడు. ఎంతవరకు వచ్చావని అడిగితే నేలచూపులు చూశాడు. ఆ తర్వాత పుస్తకం కోసం నా దగ్గరకు మళ్ళీ రాలేదు. తెలుగు నవల అంటే తన తాహతుకు మించిన వ్యవహారమని అనుకుని ఉండాలి. తప్పు పుస్తకానిది కాదు, కుర్రవాడిదీ కాదు. నాకు నచ్చింది కదా అని ఇచ్చానే గాని, వాడి వయస్సు చూసి ఇవ్వలేదు.

పెద్దవాళ్ళం సాధారణంగా చేసే పొరపాట్లు రెండు. ఒకటి నేను చేసినట్టిది. రెండవది, బుద్ధి చెప్పే పుస్తకాలు ఏరి ఇవ్వడం. బహుమతి ప్రదానోత్సవాలలో పిల్లలకిచ్చే పుస్తకాలు చూడండి, నూటికి తొంభై ఈ కోవలోవే. వాటిని ఎవరైనా చదివారో లేదో ఆ పిల్లల ఇళ్ళల్లో బీరువాల నడగాలి.

అంచేత మొదట నవ్వించే పుస్తకంతోనే మొదలెట్టమంటాను. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టరు పార్వతీశం' మొదటి భాగం. సుమారు వందేళ్ళ కిందటి నవల. మొగల్తూరు కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా బారిస్టరు చదువుకని సీమకు బయలుదేరతాడు. మద్రాసులో దర్జాగా ఉంటుందని టోపీ కొనుక్కుంటాడు. అది దొరసానులు పెట్టుకునే టోపీ అని పాపం అతనికి తెలియదు. ఇందులో నవ్వుతో పాటు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. కథ చెప్పేవాడు పార్వతీశమే. తన అజ్ఞానాన్ని తానే, ఏమీ దాచకుండా, అదేదో ఘనకార్యమైనట్టు చెప్పుకుపోతాడు. పల్లెటూరినుంచి మొదటిసారి యూనివర్సిటీ హాస్టలుకు వచ్చి, మెస్సులో ఎలా కూర్చోవాలో, ఎవరితో ఏ భాషలో మాట్లాడాలో తెలియక బిక్కచచ్చిపోయిన ప్రతివాడూ ఇందులో తనని చూసుకోవచ్చు. చూసుకున్నాక సిగ్గు కొంత తగ్గుతుంది. నా మట్టుకు నాకు తగ్గింది.

భాష విషయం కూడా ఇక్కడే చెప్పాలి. "మాది పుస్తకాల భాష కాదు సార్" అని రాయలసీమ నుంచీ, తెలంగాణ నుంచీ వచ్చిన పిల్లలు నాతో అన్న సందర్భాలున్నాయి. చిత్తూరు జిల్లా పిల్లలకు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' ఇచ్చి చూడండి. ఇంట్లో అమ్మ మాట్లాడే మాటే అచ్చులో కనిపిస్తే ఆ పిల్లల ముఖం ఎలా మారుతుందో! తక్కిన జిల్లాలవారికి మొదటి పది పేజీలు కష్టంగా ఉంటాయి. ఉండనివ్వండి, కోస్తా భాషలోని పుస్తకాలు ఇన్నేళ్ళూ వాళ్ళు కష్టపడే చదివారు కదా! దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' నిజాం కాలంనాటి దేశముఖు గడీనీ, వెట్టినీ కళ్ళకు కట్టిస్తుంది. అప్పటి తెలంగాణ పల్లెను గురించి చరిత్ర పాఠంలో నాలుగు వాక్యాలు చదివి ఊరుకున్నవాళ్ళకు అది అవసరం.

పెద్ద నవలంటే భయపడేవారికి సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' ఉన్నాయి. నూరు కథలు, ఒక్కొక్కటీ నాలుగైదు పేజీలు. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందిన పుస్తకం. కృష్ణ ఒడ్డున ఒక్క ఊరు, ఆ ఊళ్ళో మనుషులు, అంతే. రాత్రి పడుకునేముందు ఒకటి చదివి దీపం ఆర్పవచ్చు. అన్నీ ఒకే స్థాయిలో లేవని నా అభిప్రాయం. కొన్ని మరీ తీపి. ఆ తేడా కనిపెట్టడం పాఠకుడు స్వయంగా నేర్చుకోవలసినదే.

కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' గురించి ఒక్క ముక్క. సుందరం అనే పిల్లవాడి అక్షరాభ్యాసంతో మొదలై అతనితో పాటు పెరిగే నవల. చదువు దేనికి, దానివల్ల వచ్చేదేమిటి అన్న ప్రశ్న పరీక్షలకు పుస్తకాలు బట్టీ పడుతున్న రోజుల్లోనే రావాలి. ఉద్యోగంలో చేరాక వస్తే ప్రయోజనం తక్కువ.

ఇక అనువాదాలు. అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన నవలకు సహవాసి చేసిన సంక్షిప్తానువాదం 'ఏడు తరాలు'. ఆఫ్రికాలో గాంబియా నది దగ్గర జుఫూరే అనే పల్లె. కుంటా కింటే అక్కడివాడు. 1767లో, వయస్సు పదిహేడు, డప్పు చేసుకోవడానికి కర్ర కొట్టుకొద్దామని అడవికి వెళ్ళి దొంగలకు చిక్కుతాడు. ఓడ అడుగున గొలుసులతో అమెరికా చేరతాడు. అక్కడ అతనికి టోబీ అని పేరు పెడతారు. అతను ఆ పేరును ఒప్పుకోడు. పారిపోతాడు, పట్టుబడతాడు, మళ్ళీ పారిపోతాడు. చివరకు పాదం నరికివేస్తారు. అప్పటికీ తన అసలు పేరు మరచిపోడు, కూతురికి చెబుతాడు. ఆ నోటినుంచి ఈ నోటికి తరాలు దాటి ఆ పేరు హేలీ చెవిని పడుతుంది. వంశవృక్షం వివరాలపై చరిత్ర పరిశోధకులు తరువాత గట్టి సందేహాలే లేవదీశారు. వేరే రచయిత నవలనుంచి కొన్ని భాగాలు తీసుకున్నారన్న దావాలో 1978లో హేలీ రాజీపడవలసి వచ్చింది. కాబట్టి దీన్ని చరిత్రగా కాక నవలగానే చదవండి. అయినా ఆ ఓడ ప్రయాణం చదివిన రాత్రి నిద్రపట్టదు. కుంటా వయస్సువాళ్ళే మన ఫస్టియర్ విద్యార్థులు. ఆ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు, పుస్తకం తెరిస్తే తెలిసిపోతుంది.

ఆనీ ఫ్రాంక్ డైరీ అందరికీ తెలుసుననుకుంటాం. పేరు తెలుసు, చదివినవారు తక్కువ. 1942 జూన్ 12న, పదమూడవ పుట్టినరోజుకు ఆమెకు ఆ డైరీ ఇచ్చారు. మరుసటి నెలలోనే కుటుంబమంతా అజ్ఞాతంలోకి వెళ్ళింది. 1944 ఆగస్టు 4న పట్టుబడ్డారు. పదహారో ఏడు నిండకుండానే ఆమె బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో మరణించింది. అయితే అది ఏడుపు పుస్తకం అనుకోవద్దు. అమ్మతో పేచీలు, అక్కపై అసూయ, తనమీద తనకే విసుగు, తన వ్రాతమీద గర్వం, అన్నీ ఉన్నాయి. ఆమె ఆ డైరీని అచ్చువేయాలన్న ఆశతో 1944లో తానే తిరగ వ్రాయడం మొదలుపెట్టింది. మన పిల్లలకు అన్నిటికన్నా చెప్పవలసిన విశేషం ఇదేననుకుంటాను.

అన్నిటికంటె ఆలస్యంగా నాకు దొరికినది బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 'వనవాసి'. సూరంపూడి సీతారాం తెలుగుసేత. బెంగాలీలో 'ఆరణ్యక్' 1939లో వెలువడింది. కలకత్తాలో చదువు ముగించి ఉద్యోగం దొరకక తిరుగుతున్న సత్యచరణ్‌కు బీహారు అడవుల్లో ఎస్టేటు మేనేజరు పని దొరుకుతుంది. మొదట అక్కడ ఊపిరాడదు. క్రమంగా అడవి అతన్ని తనలో కలిపేసుకుంటుంది. కాని అతని ఉద్యోగమేమిటంటే ఆ అడవిని కౌలుదార్లకు పంచి, నరికించి, సాగులోకి తేవడం. ప్రేమించినదాన్నే జీతం తీసుకుని నాశనం చేయవలసిన మనిషి కథ ఇది. అందులో యుగళప్రసాద్ అని ఒకడున్నాడు. ఎక్కడెక్కడి పూల విత్తనాలో తెచ్చి అడవిలో నాటుతుంటాడు. నేల తనది కాదు, డబ్బు రాదు, నాటమన్నవారూ లేరు. ఉద్యోగం, నిరుద్యోగం అన్న రెండు మాటలే రాత్రింబవళ్ళు వినిపించే వయస్సులో ఈ మనిషి పరిచయం కావడం మంచిది.

ఆడపిల్లలకు వేరే జాబితా ఇవ్వలేదేమని అడగవచ్చు. ఇవ్వదలచుకోలేదు. వాళ్ళు కుంటా కింటేనూ, మగపిల్లలు ఆనీనీ చదవాలి.

చదివే పద్ధతి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ముప్ఫై పేజీల వరకు ఓపిక పట్టండి, అప్పటికీ లోపలికి లాగకపోతే మూసేయండి. ఆ పుస్తకం పదేళ్ళ తర్వాత మిమ్మల్ని వెతుక్కుంటూ రావచ్చు. 'చివరకు మిగిలేది'ని అలాంటి రోజుకోసం దాచుకోండి. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' కూడా అంతే.

పైన చెప్పినవి కాలేజీ లైబ్రరీలో కనిపించకపోతే జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడగండి. కేటలాగులో ఉండి అరలో లేదంటే ఎవరో ఇంటికి తీసుకెళ్ళారన్నమాట, పేరు వ్రాయించి రండి. చేతులు మారి మారి అట్ట ఊడిన ప్రతి దొరికినా సరే, మొదటి పేజీ, చివరి పేజీ ఉన్నాయో లేదో మాత్రం చూసుకుని తీసుకోండి.