చదరంగపు గళ్లలో ఇరువదంకెల సంఖ్య

చదరంగపు బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లా అరువదినాలుగు గళ్లూ రెట్టింపుగా నింపుతూ పోతే గింజలన్నీ ఎన్ని? ఈ కథ వినని విద్యార్థి ఉండడు; జవాబును చివరి అంకెదాకా చెప్పగలవారు మాత్రం అరుదు. అది 18446744073709551615. మన లెక్కలో లక్షా ఎనుబదినాలుగువేల కోటికోట్లకు పైమాట.

ఈ సంఖ్యను ఒక తెలుగు పద్యంలో పొదిగినవాడు పావులూరి మల్లన. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెనిగించిన ఈయన పదకొండవ శతాబ్దివాడని పలువురి అభిప్రాయం. పద్యంలో అంకెలకు బదులు వస్తువులుంటాయి. చంద్రుడొక్కడే గనుక 1, వేదాలు 4, మన్మథుని బాణాలు 5, కులపర్వతాలు 7, దిగ్గజాలు 8, ఆకాశం శూన్యం. అంకెలు ఒకట్ల స్థానం నుండి ఎడమకు నడుస్తాయి గనుక సంఖ్య బాణంతో మొదలై చంద్రునితో ముగుస్తుంది.

క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ తన 'ఆసారుల్ బాఖియా'లో ఇదే సంఖ్యను సాధించాడు. మన చతురంగమే పారశీకం మీదుగా అరబ్బీలో షత్రంజ్ అయింది గదా! ఆయన మార్గం వర్గం చేయడం. 2, 4, 16, 256, 65536, 4294967296. మరొక్కసారి వర్గం చేసి ఒకటి తీసివేస్తే చాలు. ఒకటి ఎందుకు తీయాలి? గింజల పక్కన అదనంగా ఒక గింజ ఉంచి చూడండి. ఒకటీ ఒకటీ రెండు, రెండూ రెండూ నాలుగు, ఇట్లా ప్రతి గడీ తనకు ముందున్న మొత్తాన్ని రెట్టిస్తుంది. చివరకు ఆ అరువు గింజను తిరిగి ఇచ్చివేయాలి.

వర్గాల భేదసూత్రాన్ని మళ్లీమళ్లీ ప్రయోగిస్తే ఈ సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధంగా విడిపోతుంది. ఈ వరుసలోనివన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా తలచాడు. కడపటిది 641, 6700417ల లబ్ధమని 1732లో ఆయిలర్ చూపాడు.

వీటిలో 17 చేసే ఉపకారం గొప్పది. తాళపత్రం నకలు చేసేవాడు 'శశి' ఉన్నచోట 'గిరి' అని వ్రాశాడనుకోండి. రెండూ రెండేసి లఘువులే. యతిప్రాసల చోటు కాకుంటే ఛందస్సు ఆ తప్పును పట్టదు. 17 పడుతుంది. ఒక్క అంకె మారితే కలిగే తేడా 1 మొదలు 9లోపు అంకెను పది ఘాతంతో హెచ్చించినది. దానిని 17 నిశ్శేషంగా భాగించలేదు. పక్కపక్క అంకెలు తారుమారైనా అంతే. రెండు తప్పులు ఒకదానినొకటి కప్పుకుంటే మాత్రం దీనికీ తెలియదు.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని పద్యం నుండి అంకెలు వ్రాసుకొని 17తో భాగించాను. శేషం 14 మిగిలింది. ముద్రణదోషమేమోనని గ్రంథాన్ని అనుమానించి, పదాలు మళ్లీ చూశాను. పంచాగ్నులు మనసులో మెదలి 'అగ్ని'కి 5 వేశాను. సంఖ్యాసంకేతంలో అగ్నులు మూడు. 3గా దిద్ది మళ్లీ భాగించాను, శేషం సున్న.