లాన్ గడ్డి రైతులూ! చలిలో తొందరపడి కోస్తే పొలం మన్నే పోతుంది

గట్టు మీద మొలిస్తే పీకి పారేసే గరికను కొందరు రైతులు పంటగా పెంచి అమ్ముకుంటున్నారు. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల్లోనూ, హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలోనూ లాన్ గడ్డి పెంపకం ఉంది. ఇళ్ల ముంగిళ్లు, హోటళ్లు, పార్కులతోపాటు గోల్ఫ్ మైదానాలకూ గడ్డి కావాలి. గోల్కొండ కోట పక్కన నయాఖిల్లా వద్ద, విశాఖలో ముడసర్లోవ వద్ద అలాంటి మైదానాలున్నాయి. పది, ఇరవై సెంట్లలో కూడా వేసుకోదగ్గ పంట ఇది. అయితే మాఘ, ఫాల్గుణ మాసాల్లో చేసే పొరపాట్లు గడ్డితో ఆగవు, భూమినే దెబ్బ తీస్తాయి.

గరిక జాతి ఎండకు పెరిగేది. 27 నుంచి 35 డిగ్రీల వేడిలో జోరుగా పాకుతుంది. రాత్రి వేడి 15 డిగ్రీల దరిదాపులకు దిగితే పెరుగుదల మందగిస్తుంది, ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది. కోస్తాలో ఈ బాధ కొంత తక్కువ. తెలంగాణలో, మెట్ట ప్రాంతాల్లో ఎక్కువ. ఆకు పాలిపోయింది కదా అని చాలామంది యూరియా గుమ్మరిస్తారు. అది ఎరువు చాలక వచ్చిన పసుపు కాదు, చలి వల్ల వచ్చింది. చలిలో వేసిన యూరియాను వేరు సరిగా తీసుకోలేదు. తీసుకున్న కాస్తా ఆకును మెత్తబరచి తెగులును పిలుస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు అననే అన్నారు. అప్పటిదాకా ఓపిక పట్టండి. రాత్రి చలి తగ్గి కొత్త చిగురు కనిపించాక సెంటుకు 200 నుంచి 250 గ్రాముల యూరియా వేస్తే చాలు. ఆకు పొడిగా ఉన్నప్పుడే చల్లి, వెంటనే నీరు పెట్టాలి. మంచు తడి మీద చల్లితే గింజ పడ్డచోటల్లా ఆకు మాడుతుంది.

ఈ మంచు సంగతి గోల్ఫ్ మైదానాల వాళ్లను చూసి నేర్చుకోవచ్చు. తెల్లవారగానే పొడవాటి తాడును గడ్డి మీదుగా లాగో, వెదురు బద్దతో తట్టో మంచు బొట్లు రాల్చేస్తారు. ఆకు ఎంత త్వరగా ఆరితే బూజు తెగులు అంత తక్కువ. గడ్డకట్టే చలి ఉండే దేశాల్లో మంచు కరిగేదాకా ఆటగాళ్లను మైదానంలో కాలే పెట్టనివ్వరు. తొక్కితే బిగుసుకున్న ఆకు విరిగి నల్లబడుతుంది. మనకు అంత చలి లేదు గానీ, తడి గడ్డిలో తిరిగితే కాళ్ల వెంట తెగులు ఒక మడి నుంచి ఇంకో మడికి వెళ్తుంది. ఇద్దరు మనుషులు, ఒక తాడు ఉంటే ఇరవై సెంట్లు రాల్చడం పెద్ద పనేం కాదు. నీరు కూడా తెల్లవారుజామునే పెట్టండి. సాయంత్రం పెడితే రాత్రంతా ఆకు తడిగానే ఉంటుంది. గుండ్రంగా గోధుమ రంగు మచ్చలు పడి రోజురోజుకూ పెద్దవవుతుంటే ముందు నీరు తగ్గించి, ఆ గడ్డిని ఉద్యాన అధికారికి చూపించి మందు రాయించుకోండి. దుకాణదారు చేతికిచ్చిన డబ్బా తెచ్చి కొట్టొద్దు.

కత్తిరింపులో గోల్ఫ్ వాళ్లతో పోటీ వద్దు. బంతిని గుంటలోకి దొర్లించే చోట వాళ్లు గడ్డిని 3, 4 మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. దానికి వేరే మిషన్లు, రోజువారీ చాకిరీ ఉంటాయి. మనం ఒక్కసారికి మూడో వంతుకు మించి తీయకూడదు. గడ్డి 6 సెంటీమీటర్లుంటే 4 దగ్గర ఆపాలి.

ఇక అసలు సంగతి కోత. జనవరి, ఫిబ్రవరిలో బేరగాడు వచ్చి తొందర పెడతాడు. చలిలో వేళ్లు అల్లుకోవు. పలుచగా కోస్తే పలక చిరిగిపోతుంది. చిరగకుండా ఉండాలని కూలీలు పార లోతుగా దింపుతారు. అంగుళం మందాన మన్ను లేచివస్తుంది. లెక్క వేయండి. ఇరవై సెంట్లంటే 8,712 చదరపు అడుగులు. అర అంగుళం మందాన కోస్తే పోయే మన్ను 363 ఘనపుటడుగులు. అంగుళం కోస్తే 726. ట్రాక్టరుకు నూరు ఘనపుటడుగుల చొప్పున ఏడు ట్రాక్టర్ల పైమన్ను ఒక్క కోతలో పోయినట్టు! కొనేవాడు చదరపు అడుగుకు డబ్బిస్తాడు తప్ప మన్నుకు పైసా ఇవ్వడు. సారమంతా ఉండేది ఆ పైపొరలోనే. కౌలు భూమైతే మరీ చిక్కు. చేను పల్లమై నీరు నిలిచాక యజమానితో తగవు తప్పదు. ఎంత మందం కోస్తారో, మన్ను ఎవరు తోలాలో ముందే కాగితం మీద రాసుకోండి.

అందుకే కోతకు ముందు మడి మూలన అర అంగుళం మందాన ఒక పలక కోసి రెండు చేతులతో ఎత్తి చూడండి. చిరగకుండా దుప్పటిలా వేలాడితే సిద్ధమైనట్టు. చిరిగితే మరో రెండు మూడు వారాలు ఆగాలి. పలకకూ పలకకూ మధ్య రెండంగుళాల పట్టీ వదిలితే అక్కడినుంచి గరిక మళ్లీ పాకి మడి నిండుతుంది. కోత అయ్యాక బాగా చివికిన పశువుల ఎరువు, ఇసుక కలిపి పరవండి. చెరువు మన్ను మంచిదే, కానీ దాంతో తుంగ గడ్డలు దిగితే ఆ మడి పని అయిపోయినట్టే. తుంగ కనిపించిన లోడు కొనేవాడు దింపుకోడు. తుంగను పైకి లాగితే ఆకు తెగి గడ్డ లోపలే ఉండిపోతుంది, గునపంతో తవ్వి గడ్డతో సహా తీయాలి.

పొలం మన్ను ముట్టుకోకుండా పెంచే పద్ధతీ ఉంది. నేలపై పాలిథిన్ పట్టా పరిచి, ఇసుక, కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కలిపి అంగుళం మందాన పోసి గడ్డి ముక్కలు నాటుతారు. వేరు కిందికి దిగలేక అడ్డంగా అల్లుకుంటుంది. కొబ్బరి పొట్టు చవగ్గా దొరికే కోనసీమ వైపు వారికి ఇది అనుకూలం. కాకపోతే పలుచని పొర గనుక త్వరగా ఆరిపోతుంది. ఫాల్గుణం దాటాక రోజూ నీరివ్వాలి. నీటి భరోసా లేనివారు దీని జోలికి పోవద్దు.

కోసిన పలకలు గుట్టగా ఉంటే లోపల వేడెక్కి పసుపుబారతాయి. ఎండ ముదిరిన కొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. పొద్దు వాలాక కోసి, రాత్రికి రాత్రే లారీ ఎక్కించి, మర్నాటికల్లా పరిచేలా చూసుకోండి. అక్కడ నేల చదును చేసి తడిపి ఉంచారో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే పార పట్టండి.