పది తప్పాక ఏం పట్టుకోవాలి?

పది ఫలితాలు వచ్చిన మర్నాడు సింగరాయకొండలో అయినా ఒంగోలులో అయినా తప్పిన పిల్లలకు పెద్దలు చెప్పేది ఒకటే: ‘కసి పెంచుకోరా’. పెంచుకోమంటే పెరిగేదైతే పరీక్షకు ముందే పెరిగి ఉండేది. మార్కుల మీద కసి నెల తిరక్కుండానే చల్లారుతుంది. ఫలానా పని తెలుసుకోవాలి, ఫలానా సమస్య తీర్చాలి అన్న పట్టుదల మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది.

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు సంగతే చూడండి. 1895లో భీమవరంలో పుట్టాడు. పదమూడేళ్ల వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోతే తల్లి వెనక్కి తెచ్చి మళ్లీ బడిలో వేసింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. దాంతో ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకన్నా చిన్నదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఈ కథ చెప్పి ‘నువ్వూ అంతవాడివి అవుతావు’ అని భుజం తట్టడం నాకు నచ్చదు. అందరూ అంతవాళ్లు కారు, కావలసిన అవసరమూ లేదు. మనం గమనించాల్సింది వేరే ఉంది. స్ప్రూ అనే పేగుల జబ్బు సుబ్బారావు తోబుట్టువును పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత ఆయన అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేస్తూ హార్వర్డులో చదివాడు. 1925లో సహ పరిశోధకుడు ఫిస్క్‌తో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రకటించాడు. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరాడు. అక్కడి ఆయన బృందమే 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగులకు పనికొచ్చిన మందు అది! బోదకాలు రాకుండా మన కోస్తాలో ఇంటింటికీ పంచుతూ వచ్చిన డీఈసీ మాత్ర వెనకా ఆయన బృందమే ఉంది. మెట్రిక్ మార్కులను తలుచుకుంటూ కూర్చున్నవాడు చేసే పనులు కావివి.

మీ సమస్య అంత పెద్దది కానక్కర్లేదు. సింగరాయకొండ పక్కన తీరం వెంట రొయ్యల చెరువులున్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే వనామి రొయ్య పైకి తేలుతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటారు ఆ సమయంలోనే ఆగితే రైతు పంట పోయినట్టే. ఆ మోటారు ఎందుకు కాలిందో తెలుసుకోవాలనిపిస్తే అది కరెంటు పాఠం. నీళ్లలో పీహెచ్, కరిగిన ఆక్సిజన్ (డీఓ) ఎలా కొలుస్తారో చూడాలనిపిస్తే అది రసాయన శాస్త్రం, మీరు తప్పిన సబ్జెక్టే కావచ్చు. చెరువు గట్టు మీద కూలికి కుదిరి అక్కడే ఆగిపోవద్దు. నీటి పరీక్షలు చేసే ల్యాబులో, మోటార్లు చుట్టే షాపులో సెలవుల్లో కొన్నాళ్లు నిలబడి చూడండి. విసుగు పుట్టిందా? అదీ తెలుసుకోవాల్సిందే, ఇంకోటి చూడొచ్చు.

దారులకు కొదవ లేదు. తప్పిన సబ్జెక్టులకు మాత్రమే సప్లిమెంటరీ రాస్తే చాలు, పాసైనవి మళ్లీ రాయక్కర్లేదు. రెగ్యులర్ బడికి వెళ్లలేని వాళ్లకు ఓపెన్ స్కూల్ ఉంది. ఐటీఐలో వెల్డర్, వైర్‌మన్ లాంటి ట్రేడుల్లో ఎనిమిదో తరగతి పాసైనా చేరొచ్చు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్‌లకు పది కావాలి. కృష్ణా జిల్లా భావదేవరపల్లిలో ఫిషరీస్ పాలిటెక్నిక్ ఉంది, పది పాసైతే రెండేళ్ల డిప్లొమా. ఇంజినీరింగ్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్తున్నారు.

అమ్మానాన్నలకు ఒక మాట. సప్లిమెంటరీ ఫీజు గడువు ఫలితాల తర్వాత కొద్ది రోజులే ఉంటుంది. తిట్లూ ఓదార్పులూ తర్వాత. ముందు బడికి వెళ్లి ఆ ఫీజు కట్టేయండి. పిల్లవాడికి ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు తగ్గాయో మాస్టారిని అడిగి, అతి తక్కువ తేడాతో పోయినదాంతో చదువు మొదలుపెట్టించండి.