రంగం నడకను నవలగా రాయబోయే పిల్లలకు

1. కథను బాంబులతో మొదలుపెట్టకండి. 1941 డిసెంబరు 23న రంగం, అంటే రంగూన్ మీద జపాను విమానాలు విరుచుకుపడ్డాయి, నిజమే. అంతకు ముందే కూలీలను కుదిర్చే మేస్త్రీ చేతిలో పెట్టిన బయానా ఉంది, కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఓడెక్కడం ఉంది. 1930 మే నెల ఉంది. రంగం రేవులో మన కూలీలు సమ్మె కడితే వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళను పెట్టుకున్నారు. సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మన్నారు. ఆ కడుపుమంట మనవాళ్ళ మీద పడి వందల ప్రాణాలు పోయాయి. యుద్ధంలో బర్మా నుంచి నడిచి పారిపోయే దారిలో పల్లె కనబడితే మనవాళ్ళు ఎందుకు జంకారో ఇది తెలియకపోతే రాయలేరు.

2. నేస్తాన్ని మధ్యలో నిలబెట్టండి. మా పెదనాన్న టౌంగప్ కొండదారిన వచ్చిన మనిషి. దారిలో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. కలరా అనగానే కూడా నడుస్తున్నవాళ్ళు ముందుకు సాగిపోయారు, బంధువులతో సహా. నేస్తం కట్టుకున్నవాడు ఒక్కడే ఆగాడు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఒకరింట ఒకరు మంచినీళ్ళు తాగని కులాలు వాళ్ళవి. అక్కడ ఇద్దరికీ ఒకటే ఇత్తడి చెంబు. అందులోనే నీళ్ళు కాచి, పంచె కొంగున కట్టుకున్న ఉప్పు రవ్వంత వేసి, గుక్కగుక్కగా పట్టాడట. ‘‘ఆడు లేకపోతే నాను లేను బాబూ’’ అనేవాడు పెదనాన్న. సంక్రాంతికి ఆ ఇంటి అరిసెలు మా ఇంటికీ, మావి వాళ్ళింటికీ ఇప్పటికీ వెళ్తాయి. బతికొచ్చిన ప్రతి మనిషి పక్కనా ఇలాంటివాడు ఒకడుంటాడని నా నమ్మకం. అతన్ని వెతకండి.

3. వదిలేసి వచ్చినవాళ్ళనూ రాయండి. వాళ్ళను దోషులుగా నిలబెట్టొద్దు. చంకలో బిడ్డ ఉన్న తల్లి ఆగలేదు.

4. దారులు తప్పు రాయకండి. ఒకటి టౌంగప్ దాటి అరకాన్ తీరానికి, అక్కణ్ణించి చిట్టగాంగు వైపు. ఇంకొకటి తమూ మీదుగా ఇంఫాల్, డిమాపూర్. 1942లో ఇలా భారతదేశం చేరినవాళ్ళు సుమారు అయిదు లక్షలని అంచనా. మార్చి 8న రంగం జపాను వశమైంది. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. పట్నం జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని అంత దూరం నడిచి వచ్చినవాడికి సొంత తీరమూ అలా ఎదురైంది. ఈ ఘట్టం చాలు, మీకు యాభై పేజీలు.

5. అమితవ్ ఘోష్ రాసిన ‘ది గ్లాస్ ప్యాలెస్’ తప్పక చదవండి. 2000లో వచ్చింది. రంగం మీద బాంబులు, ఆ తర్వాతి నడక అందులో గొప్పగా ఉన్నాయి. అయితే అది కలప వ్యాపారి కుటుంబం కథ. రేవులో మూటలు మోసినవాడి కథ, బియ్యం మిల్లులో పొట్టు చెరిగినామె కథ మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలే రాయాలి. ముందుగా శ్రీకాకుళం కథానిలయానికి వెళ్ళి పాత పత్రికలు తిరగెయ్యండి.

6. విశాఖ కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపుకీ వెళ్ళండి. అది 1942 వాళ్ళది కాదు. 1962లో బర్మాలో జనరల్ నీ విన్ సైన్యం గద్దెనెక్కాక, 1960లలో వచ్చినవాళ్ళది. యుద్ధమప్పుడు నడవలేకో, మనసొప్పకో బర్మాలోనే ఉండిపోయిన ఇళ్ళ గురించి అక్కడి పెద్దల్ని అడగండి. జపానువాళ్ళ ఏలుబడిలో ఆ ఇళ్ళు ఎలా గడిచాయో మా పెదనాన్నకు తెలియదు.