తీర్పరి లేని ఆట



టెలివిజనుకు తగిలించి ఇంటిలో ఆడుకొను వీడియో ఆటల యంత్రములు నేడు లోకమంతటను వ్యాపించియున్నవి. వానిలో మొట్టమొదట అంగడికి వచ్చినది ‘ఒడిస్సీ’. ఇది నాట్యము పేరు కాదు. అమెరికాలోని మాగ్నవాక్స్ అను కంపెనీవారు 1972వ సంవత్సరమున అమ్మకమునకు పెట్టిన యంత్రము పేరు. మన ఇస్నాపూరు ప్రాంతమున దీని పేరు విన్నవారును అరుదు. అయినను పాతయంత్రములను సేకరించువారు దీనిని నేటికిని వెదకి కొనుచున్నారు. దీనిని సేకరించుట యనగా నేమి, ఆడుట యనగా నేమి అను రెండు ప్రశ్నలను ఈ పాఠమున విచారింతము.

దీనిని కనిపెట్టిన రాల్ఫ్ బేర్ 1922లో జర్మనీదేశమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. 1938లో తలిదండ్రులతో స్వదేశము విడిచి అమెరికా చేరి, టెలివిజను విద్య నభ్యసించి ఇంజనీరయ్యెను. ఇంటింట నున్న టెలివిజను ఎదుట మనుష్యుడు ఊరక కూర్చుండి చూచుటయే గాక మఱేదైన చేయవచ్చునా యని 1966లో ఆలోచించి, శాండర్స్ అసోసియేట్స్ అను సంస్థలో బిల్ హారిసన్, బిల్ రష్ అనువారి తోడ్పాటుతో ఒకదానివెనుక నొకటిగా నమూనాలు చేసెను. 1968 నాటి ఏడవ నమూనాకు ‘బ్రౌన్ బాక్స్’ అని పేరు. దానినుండియే ఒడిస్సీ పుట్టెను. ఆ నమూనా నేడు వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థవారి వస్తుప్రదర్శనశాలలో భద్రముగ నున్నది.

ఒడిస్సీ వెలువడిన 1972లో మన హైదరాబాదున టెలివిజను ప్రసారమే లేదు. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆఱు రాష్ట్రముల పల్లెలకు ఉపగ్రహముద్వారా విద్యాకార్యక్రమములు ప్రసారమయ్యెను. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ఆరంభమయ్యెను. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థవారు టెలివిజను పెట్టెలను తయారుచేసి అమ్మిరి. కాని ఒడిస్సీ తయారీ 1975లోనే నిలిచిపోయెను. మన ఇండ్లకు టెలివిజను వచ్చుసరికి ఆ యంత్రము కాలము తీరినదాయెను. కాబట్టియే అది మనకు అపరిచితము.

ఇక దాని నిర్మాణమును చూతము. ఈ పెట్టెలో కంప్యూటరు లేదు. ట్రాన్సిస్టర్లు, డయోడ్లు మొదలైన విడిభాగములు మాత్రమే కలవు. ఆఱు బ్యాటరీలతో నడచును. తెరపై అది చూపగలిగినవి మిక్కిలి స్వల్పము: ఇద్దఱాటగాండ్రకు చెరియొక తెల్లని చుక్క, బంతికి మఱియొక చుక్క, నడుమ నొక గీత. రంగులు లేవు, ధ్వని లేదు. ఆటగాని చేతిలోని పెట్టెకు మూడు మరలుండును. ఒకటి తన చుక్కను ప్రక్కలకు, ఒకటి పైకిని క్రిందికిని నడపును. మూడవది బంతి దారిని వంచును. ఆట మార్చవలెనన్న వేఱొక కార్డును దూర్చవలెను. ఆ కార్డులో ఆట వ్రాసియుండదు. లోపలి తీగెలను వేఱొక విధముగ కలుపుటయే దాని పని.

మూడు చుక్కలతో పండ్రెండు ఆటలు ఎట్లు సాధ్యమయ్యెను? మిగిలినదంతయు యంత్రమునకు వెలుపల నుండెను. తెరకు అంటించుటకు రంగుల ప్లాస్టిక్ పటములు, పాచికలు, ఉత్తుత్తి నోట్లు, లెక్క వ్రాసికొను పలకలు, నియమముల పుస్తకము – ఇవన్నియు పెట్టెతోపాటు వచ్చెను. పిల్లి ఎలుకల ఆటను తీసికొందము. ఆ పటముపై దారులు, గోడలు గీయబడియుండును. అయితే ఎలుక చుక్క గోడను దాటిపోయినను యంత్రము ఆపదు. గోడ యున్నదని దానికి తెలియనే తెలియదు. ఇద్దఱు పిల్లలు దానిని గోడయని ఒప్పుకొనుటవలననే అది గోడ యగుచున్నది. గెలిచిన దెవరో కూడ యంత్రము చెప్పదు. ఆడువారే లెక్క వ్రాసికొనవలెను. చూచువాడు లేనిచోటను సత్యము పలుకగలవారికే ఈ ఆట సాగును.

మన పులిజూదముకూడ ఇట్టిదే గదా! పాత గుడుల అరుగులపై ఆ గీతలు నేటికిని కనబడును. రాయి నిలిచియున్నది, కాని మేక ఎప్పుడు చచ్చును, పులి ఎప్పుడు కట్టుబడును అను నియమములు రాతిలో లేవు. అవి ఆడువారి నోట నున్నవి. చెప్పువారు పోయినచో, మిగులునవి గీతలే.

కావున ఒడిస్సీని సేకరించుట యనగా పెట్టెను కొని అలమారలో నుంచుట కాదు. పటములు, పలకలు, నియమముల పుస్తకము లేని పెట్టె మూడు చుక్కల వెలుగు మాత్రమే. తరువాతి యంత్రములలో ఆట చిప్పునందు వ్రాసియుండును గనుక దానిని నకలు తీయవచ్చును. ఒడిస్సీలో నకలు తీయుటకు వ్రాతయే లేదు. మఱియు దానికి పాతకాలపు గాజుతెర టెలివిజను కావలెను. అమెరికా టెలివిజను చిత్రమునకు 525 గీతలు, మన దేశపుదానికి 625 గీతలు. గనుక రెంటిని గ్రహించునట్టి టెలివిజను వెదకవలెను. ఆడనప్పుడు బ్యాటరీలను తీసివేయనియెడల అవి కారి లోపలి రేకులను తినివేయును.

ఇచ్చట ఒక హెచ్చరిక. మన పారిశ్రామిక ప్రాంతపు పాతసామాను దుకాణములలో గాజుతెర టెలివిజనులు గుట్టలుగ పడియుండుట కలదు. వానిని మీరెన్నడును విప్పకూడదు, పగులగొట్టకూడదు. విద్యుత్తు ఆపిన పిమ్మటను లోపల ప్రాణాపాయకరమైన వోల్టేజి నిలిచియుండవచ్చును. ఆ గాజులో సీసము కలదు. రాగితీగెకై ప్రాణమును, భూమిని చెఱుపరాదు.

మన పొరుగుననున్న పటాన్‌చెరువులో, ఒడిస్సీ వెలువడిన 1972లోనే ఇక్రిశాట్ సంస్థ నెలకొల్పబడెను. అచ్చటి విత్తనభాండారమున జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలగువాని నమూనాలు లక్షకు పైగా చల్లని గదులలో దాచబడియున్నవి. అయితే దాచుటతో పని ముగియదు. అప్పుడప్పుడు మొలకశక్తిని పరీక్షించి, అవసరమైనప్పుడు మరల నేలలో నాటి క్రొత్త విత్తనము తీయుదురు. ఆటకును ఇదియే ధర్మము. ఆడనిచో అది మొలకెత్తని గింజ.

నేటి యంత్రము గోడను తానే కాయును, లెక్క తానే వేయును, తప్పు చేసినవానిని తానే ఆపును. ఇది సౌకర్యమే. కాని ఆ సౌకర్యమునకు అలవడినవాడు, తీర్పరి లేనిచోట తనకు తానే తీర్పు తీర్చుకొనుటను ఎచ్చట నేర్చుకొనును? ఈ ప్రశ్నను మీకే విడిచిపెట్టుచున్నాము.

అభ్యాసము: మీ ఇంటి పెద్దలనడిగి పులిజూదము, వామనగుంటలు, అష్టాచెమ్మ – వీనిలో నొకదాని నియమములను పూర్తిగ వ్రాయుడు. పిమ్మట ఆ ఆట ఎఱుగని స్నేహితునికి ఆ కాగితము మాత్రమే యిచ్చి, మీరు నోరు మెదపక, అతనిని ఆడుమనుడు. అతడు ఎచ్చట ఆగిపోవునో అచ్చట మీ వ్రాత లోపించినదని తెలిసికొని సవరింపుడు.